జైల్లో ఉన్న మనిషికి వైద్యం అందాలంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

"సార్, మా నాన్నకి ఎప్పట్నుంచో షుగరు. లోపల ఇన్సులిన్ ఇస్తున్నారో లేదో తెలియట్లేదు." "అన్నా, మా ఆయన ఫిట్స్ మాత్రలు పట్టుకెళితే గేటు దగ్గర తీసుకోలేదు, ఇప్పుడేం చేయాలి?" జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసుకుంటూ, లీగల్ ఎయిడ్ తరఫున జైలుకి వెళ్లొచ్చే నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. బెయిలు ఎప్పుడొస్తుందన్న ప్రశ్న తర్వాత అందరూ అడిగేది ఇదే. అందరికీ పనికొస్తుందని ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఆంధ్ర, తెలంగాణ జైళ్లను మనసులో పెట్టుకుని రాశాను. గేటు దగ్గరి పద్ధతులు జైలుకీ జైలుకీ కాస్త మారతాయి, చట్టం మాత్రం ఒక్కటే.

ముందే ఒక మాట. జైల్లో నోటిమాట నిలవదు. రోగం కాగితం మీదకి ఎక్కాలి, ఆ కాగితం అందినట్టు తేదీ, స్టాంపు ఉండాలి. అప్పుడే ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. లోపలివాళ్లంతా కఠినాత్ములని నేను అనట్లేదు. 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉండాలని జైళ్ల కోసం కేంద్రం తయారుచేసిన నమూనా నియమావళి, మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతుంది, అలా ఉన్న జైళ్లు తక్కువ. సబ్ జైళ్లలో చాలాచోట్ల పూర్తికాలం డాక్టరే ఉండరు, పక్కనున్న ప్రభుత్వాసుపత్రి నుంచి ఎవరో వచ్చి చూసి వెళ్తారు. అంతమందిలో మీ మనిషి గుర్తుండాలంటే కాగితమే దారి.

వైద్యం అడగడానికి మొహమాటపడకండి. ఒంట్లో బాగోలేదు, డాక్టర్ని కలవాలి అన్న ఖైదీ పేరు ఆలస్యం లేకుండా జైలర్‌కి చేరాలని, జైలర్ దాన్ని డాక్టరు దృష్టికి తేవాలని 1894 నాటి జైళ్ల చట్టం 37వ సెక్షన్‌లోనే ఉంది. జైల్లో ఉన్నా ప్రాణానికి రాజ్యాంగం 21వ అధికరణ రక్షణ ఉంటుంది. పైగా 2022 చివరి లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే వాళ్ల మీద నేరం ఇంకా రుజువే కాలేదు.

ముందుగా ఇవి దగ్గర పెట్టుకోండి

- పాత ఓపీ చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీలు, స్కానింగ్, రక్తపరీక్షల రిపోర్టులు. అన్నీ మూడేసి సెట్లు జిరాక్స్ తీయించండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, జైలుకైనా, కోర్టుకైనా, మీ వకీలుకైనా.
- ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా, తినక ముందా తిన్నాకా. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పుల ఫోటో కూడా తీసుకోండి.
- ఆయన్ని రోజూ చూసే డాక్టరు దగ్గర కొత్త తేదీతో ఒక లేఖ. రోగమేంటో ఒక్క లైను చాలు. ఏ మందు ఆపితే ఏం జరుగుతుందో మాత్రం కచ్చితంగా రాయించండి. ఈ ఒక్క వాక్యం తర్వాత అన్నిచోట్లా పనికొస్తుంది.
- క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, జైల్లో ఇచ్చిన ఖైదీ నంబరు.
- ఒక నోటు పుస్తకం. ఏ రోజు ఎవరితో మాట్లాడారో, ఏమన్నారో, ఏ కాగితం ఇచ్చారో అందులో రాయండి.

వకీలు లేకపోతే ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆస్తి, ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి.

1. అరెస్టు చేసిన రోజే చెప్పండి

అరెస్టు, విచారణ, బెయిలు పద్ధతులు చెప్పే, ఇప్పుడు అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 53వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన మనిషికి ప్రభుత్వ డాక్టరు చేత పరీక్ష చేయించాలి. ఆ రిపోర్టు కాపీ ఆయనకో, ఆయన చెప్పినవాళ్లకో ఇవ్వాలి. అడగకపోతే ఆ కాపీ చాలాసార్లు ఫైల్లోనే ఉండిపోతుంది. అడిగి తీసుకోండి.

మందుల చీటీ జిరాక్స్ ఒకటి స్టేషన్‌లో ఇవ్వండి, ఒకటి ఆసుపత్రిలో పరీక్ష చేసే డాక్టరుకి అందేలా చూడండి. ఒంటి మీద దెబ్బలుంటే అవి ఈ రిపోర్టులోనే రాయించుకోవాలి. వారం తర్వాత చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు" అంటారు.

చాలామంది చేసే పొరపాటు: "ఒంట్లో బాగానే ఉందా" అని డాక్టరు అడిగితే, పక్కన పోలీసులున్నారన్న భయంతో "బాగానే ఉంది సార్" అనేస్తారు. ఆ ఒక్క మాట రికార్డులో నెలల తరబడి వెంటాడుతుంది. మాట్లాడే అవకాశం దొరికితే మీ మనిషికి ఇది ముందే చెప్పండి.

2. మేజిస్ట్రేటు ముందు ఒక లైను రాయించండి

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు. రిమాండుకి పంపేముందు వకీలు చిన్న మెమో (కోర్టుకిచ్చే రాతపూర్వక విన్నపం) వేసి, మందుల చీటీ జతచేసి, "జైల్లో తగిన వైద్యం అందించాలి, ఫలానా మందులు కొనసాగించాలి" అని ఆర్డరులో రాయమని అడగాలి. ఐదు నిమిషాల పని. ఆ లైను జైలు వారెంటుతో పాటు లోపలికి వెళ్తే, మొదటి రోజు నుంచీ అది కోర్టు ఆదేశం అవుతుంది. అప్పుడు జైలువాళ్లు దాన్ని పక్కన పెట్టలేరు.

మొదటిసారి తప్పిపోతే దిగులు పడకండి. రిమాండు పొడిగించే ప్రతిసారీ, వీడియోలో హాజరుపరిచినా సరే, జడ్జి ముందు చెప్పుకునే అవకాశం ఉంటుంది. "అయ్యా, నాకు గుండెలో స్టెంటు ఉంది, నాలుగు రోజులుగా మాత్ర ఇవ్వలేదు" అని ఖైదీయే స్వయంగా చెప్పొచ్చు. అదే రోజు వకీలు మెమో కూడా పడితే ఆ మాట రికార్డయి ఉంటుంది.

3. లోపలికి వెళ్లేటప్పుడు జరిగే పరీక్షలో ఏదీ దాచొద్దు

కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ జైలు డాక్టరు చూసి వివరాలు రాసుకోవాలి. పరువు పోతుందని ఇక్కడ దాచేవి మూడు: తాగుడు అలవాటు, మానసిక వైద్యానికి వాడే మందులు, హెచ్ఐవీ. మూడూ దాచకూడనివే.

ముఖ్యంగా తాగుడు. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే అది ప్రాణం మీదకి వచ్చే స్థితి. తోటి ఖైదీలు "పిచ్చెక్కింది" అనుకుంటారు, "నాటకాలాడుతున్నాడు" అని కొందరు సిబ్బంది అనుకుంటారు. డాక్టరుకి ముందే తెలిస్తే మాత్రలతో ఆపగలిగేది ఇది. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు అలవాటున్నవాళ్లది ఇంకో రకం ఇబ్బంది. ఆ కల్లులో అల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు, అవి ఆగినా ఇదే పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దొరకక హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా వరుస కట్టారో గుర్తుండే ఉంటుంది. కాబట్టి "రోజూ కల్లు తాగుతాడు, ఇన్ని సీసాలు" అని సిగ్గుపడకుండా రాసివ్వండి. అది కేసులో ఆయనకి వ్యతిరేకంగా పనిచేస్తుందన్న భయంతో ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

4. సూపరింటెండెంటుకి దరఖాస్తు ఇవ్వండి

జైలుకి వెళ్లిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇది పడాలి. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. ఇలా:

"గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి, ______ జైలు.
విషయం: రిమాండ్ ఖైదీ ______, నంబరు ______ గారికి వైద్యం గురించి.
అయ్యా, పై ఖైదీ నా భర్త. ఆయనకి ______ సంవత్సరం నుంచి ఫిట్స్ ఉన్నాయి. రోజుకి రెండుసార్లు ______ మాత్ర ______ మిల్లీగ్రాములు వాడుతున్నారు. మాత్ర ఆగితే ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చని మా డాక్టరు రాసిన లేఖ జతచేస్తున్నాను. ఆయన్ని జైలు డాక్టరు గారికి చూపించి ఈ మందు ఆగకుండా ఇప్పించాలని, అది జైల్లో దొరకకపోతే మేము తెచ్చి ఇవ్వడానికి అనుమతించాలని, ఏం చర్య తీసుకున్నదీ రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.
జతపరిచినవి: 1. డాక్టరు లేఖ 2. మందుల చీటీ 3. పాత రిపోర్టులు.
తేదీ, సంతకం, ఫోన్ నంబరు."

ఇందులో కేసు గురించి ఒక్క ముక్క కూడా లేదు, గమనించండి. "మా ఆయన అమాయకుడు, అన్యాయంగా ఇరికించారు" అని రెండు పేజీలు రాసి, చివర్లో ఫిట్స్ సంగతి ఒక్క లైనులో పెట్టే దరఖాస్తులు నేను చాలా చూశాను. చదివేవాళ్లకి ఆ లైను కంటపడదు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయం అని వాళ్లంటే? అక్కడ గొడవ పడకండి. అదే రోజు పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టులో పంపండి, జైలు అధికారిక ఈమెయిల్‌కీ పంపండి. పోస్టు రసీదు నోటు పుస్తకంలో అంటించండి. ఇది స్టాంపుకి సమానంగా పనిచేస్తుంది.

5. ఇంటి నుంచి మందులు ఇవ్వాలంటే

నేరుగా ఖైదీ చేతికి ఏదీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. జైలు డాక్టరు చూసి ఒప్పుకుంటే, మందులు డిస్పెన్సరీలో పెట్టి పూటకింత ఇస్తారు. గేటు దగ్గర తిప్పి పంపడానికి మామూలుగా కనిపించే కారణాలివి: చీటీ పాతది, మాత్రలు విడిగా కవర్లో వేసి తెచ్చారు, చీటీలో ఉన్న పేరు ఒకటి, స్ట్రిప్పు మీద కంపెనీ పేరు ఇంకొకటి.

అందుకే నెలలోపు తేదీ ఉన్న చీటీ, సీలు విప్పని స్ట్రిప్పులు, మెడికల్ షాపు బిల్లు, మూడూ కలిపి తీసుకెళ్లండి. చీటీలో మందు అసలు పేరు రాయించండి, కంపెనీ పేరు వేరైనా చిక్కు రాదు. నిద్రమాత్రలు, కొన్ని మానసిక వైద్య మందులు, ఘాటైన నొప్పి మాత్రలు అయితే డాక్టరు లేఖ ఉన్నా ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కోర్టు అనుమతి తెచ్చుకోవడమే మార్గం.

అన్నం క్యారేజీలోనో చెప్పు అడుగునో మాత్రలు దాచి పంపే ఆలోచన అసలు పెట్టుకోకండి. నిషేధించిన వస్తువుల్ని జైల్లోకి చేర్చడం అదే 1894 చట్టం 42వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే నేరం. అవి బీపీ మాత్రలే అయినా మీరు నిరూపించుకునేలోపు ములాఖత్ (ఖైదీని వెళ్లి కలిసే అవకాశం) పోతుంది.

షుగరు ఉన్నవాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చాలా జైళ్లలో రాత్రి భోజనం చీకటి పడకముందే ఇచ్చేసి లాకప్ చేస్తారు. ఇంట్లో రాత్రి తొమ్మిదికి తిని ఇన్సులిన్ వేసుకునే మనిషి, అదే డోసు అక్కడ వేసుకుని సాయంత్రమే తినేస్తే, తెల్లవారేలోపు షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పొచ్చు. బ్యారక్‌లో అందరూ నిద్రలో ఉండగా అది జరిగితే చూసేవాళ్లుండరు. కాబట్టి మీ డాక్టర్ని అడగండి: "ఆయన సాయంత్రమే భోజనం చేస్తున్నారు, డోసు మార్చాలా?" మార్చిన డోసుతో కొత్త చీటీ రాయించండి. రాత్రిపూట దగ్గర ఉంచుకోవడానికి కాస్త గ్లూకోజు పొడో, బిస్కెట్లో అనుమతించమని దరఖాస్తులో అడగండి. ఇన్సులిన్ తెరవని సీసాలు డిస్పెన్సరీ ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచినదైతే ఎండ తగలని చల్లటిచోట నాలుగు వారాల వరకు వాడొచ్చు. పక్కన పడుకునే ఖైదీకి కూడా షుగరు సంగతి చెప్పి ఉంచమనండి. ఆపద వేళ గార్డుని పిలిచేది ఆ మనిషే.

6. ములాఖత్‌లో సరిగా అడగండి

వైద్యం నిజంగా అందుతోందో లేదో తేలేది ఇక్కడే. "మందులు వేసుకుంటున్నావా?" అని అడిగితే "ఆ, ఇస్తున్నార్లే" అంటారు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారని అలా చెబుతారు. పక్కన సిబ్బంది ఉంటారు కాబట్టి కూడా చెబుతారు. అలా కాకుండా ఇలా అడగండి:

- నిన్న రాత్రి వేసుకున్న మాత్ర ఏ రంగు? ఎన్ని వేసుకున్నావు?
- నిన్నటి సంగతి సరే, ఆదివారం ఇచ్చారా? (సెలవు రోజుల్లోనే మందులు తప్పిపోతుంటాయి.)
- చివరిసారి బీపీ ఎప్పుడు చూశారు? ఎంత ఉందన్నారు?
- డాక్టర్ని కలవాలని పేరు రాయించావా? ఏ రోజు? పిలిచారా?
- రక్తం తీశారా? రిపోర్టు ఏమైంది?

జవాబులు బయటికి రాగానే నోటు పుస్తకంలో రాసేయండి. రంగు చెప్పలేకపోయినా, అంతకుముందు చెప్పినదానికి తేడాగా ఉన్నా అనుమానించండి. కళ్లు కూడా వాడండి. కాళ్లవాపు, తగ్గిన బరువు, వణికే చేతులు, మాట తడబడటం, గోకుడు మచ్చలు. దూరాన ఉన్నవాళ్లు ఈ-ములాఖత్‌లో వీడియోలో చూడొచ్చు, కాళ్లు చూపించమని అడగడం మర్చిపోకండి.

గజ్జి సంగతి చిన్నదిగా తీసుకోవద్దు. కిక్కిరిసిన బ్యారక్‌లో ఒక్కరికే ఆయింట్‌మెంట్ ఇస్తే వారంలో మళ్లీ అంటుకుంటుంది. బ్యారక్ మొత్తానికి ఒకేసారి మందు రాయించి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించాలని దరఖాస్తులో అడగండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష అడగండి. పరీక్ష, మందులు రెండూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

7. బయటి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే

జైలు డాక్టరు రాస్తే ప్రభుత్వాసుపత్రికి పంపుతారు. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, మిగతాచోట్ల జిల్లా ఆసుపత్రి లేదా జనరల్ ఆసుపత్రి. అక్కడ మీకు ఎదురయ్యే మాట ఒకటుంది: "ఎస్కార్ట్ లేదు." ఖైదీని బయటికి తీసుకెళ్లడానికి పోలీసు ఎస్కార్ట్ కావాలి, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు బందోబస్తుల్లో ఉంటే అపాయింట్‌మెంట్లు వాయిదా పడుతూ పోతాయి. డయాలసిస్, కీమోథెరపీ లాంటివి వాయిదా పడటానికి వీల్లేదు. అలాంటి కేసుల్లో వచ్చే నెల తేదీలన్నీ ఆసుపత్రి నుంచి రాయించుకుని, ఆ తేదీలకు ఎస్కార్ట్ ఏర్పాటు చేయాలని కోర్టులో పిటిషన్ వేయండి. ఎస్కార్ట్ కోసం జైలు పోలీసులకి లేఖ రాసిందా, ఏ తేదీన రాసిందీ కూడా అడగండి. లేఖే వెళ్లకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ప్రైవేటు ఆసుపత్రి కావాలంటే కోర్టు అనుమతి కావాలి, ఖర్చు చాలాసార్లు మీదే అవుతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆ వైద్యం లేదని చూపించగలిగితేనే అడగండి.

మంచానికి సంకెళ్లతో కట్టేసి ఉంచితే వకీలుకి వెంటనే చెప్పండి. అస్సాంలో ఆసుపత్రి మంచానికి కట్టేసిన ఖైదీల విషయంలో 1995లో సుప్రీంకోర్టు, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఖైదీలకి సంకెళ్లు వేయకూడదని గట్టిగా చెప్పింది. కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ కొన్ని తీవ్రమైన నేరాల్లో అరెస్టప్పుడూ కోర్టుకి తెచ్చేటప్పుడూ బేడీలకి వీలిచ్చింది కానీ, మంచాన పడ్డ రోగిని రోజుల తరబడి కట్టేయమని చెప్పలేదు.

8. ఏదీ కదలకపోతే

వారంలో జవాబు రాకపోతే ఈ వరుసలో వెళ్లండి. ప్రాణాపాయం ఉంటే వారం ఆగకుండా అన్నీ ఒకేరోజు చేయండి.

మొదట జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి దరఖాస్తు. ఆయన లేదా ఆమె జడ్జి హోదాలో ఉన్న అధికారి, జైలుకి వెళ్లి చూసే అధికారం ఉంది. నా అనుభవంలో ఎక్కువ పనులు ఇక్కడే కదిలాయి. చేతిలో స్టాంపు పడిన దరఖాస్తు ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది.

తర్వాత కేసు నడుస్తున్న కోర్టులో పిటిషన్. ఊరికే "వైద్యం అందట్లేదు" అని కాకుండా, ఏ తేదీన అడిగారో, ఏ పరీక్ష కావాలో రాయండి. జైలు డాక్టరు నుంచి రిపోర్టు తెప్పించమని అడగండి.

సమాచార హక్కు చట్టంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. మామూలుగా 30 రోజులు పట్టే జవాబు, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తు పైన "ప్రాణానికి సంబంధించినది, 7(1) సెక్షన్ కింద 48 గంటల్లో" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఏ తేదీల్లో డాక్టరు చూశారు, ఏ మందులిచ్చారు, ఎస్కార్ట్ కోసం ఎప్పుడు రాశారు అని అడగండి. వైద్య వివరాలు వ్యక్తిగతమని తిప్పి పంపకుండా, ఖైదీ సంతకంతో అనుమతి లేఖ జతచేయండి. వకాలతు మీద సంతకం తీసుకునేటప్పుడే వకీలు దాన్నీ తెప్పించొచ్చు.

మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఉచితం, తెలుగులో రాయొచ్చు. తెలంగాణ కమిషన్ హైదరాబాదులో ఉంది, ఆంధ్రప్రదేశ్ కమిషన్ ప్రస్తుత చిరునామా కనుక్కుని పంపండి. జాతీయ కమిషన్‌కి ఆన్‌లైన్లో పంపొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. ఒకే విషయం మీద రాష్ట్ర కమిషన్‌కీ జాతీయ కమిషన్‌కీ రెండుచోట్లా వేయకండి, ఒకటి పక్కకి పోతుంది.

9. వైద్య కారణాలతో బెయిలు

రిపోర్టులు కట్టగా పెట్టి "రోగి కాబట్టి బెయిలివ్వండి" అంటే సరిపోదు. జడ్జి వేసే ప్రశ్న ఒక్కటే: ఈ వైద్యం జైల్లోనో ప్రభుత్వాసుపత్రిలోనో చేయించలేమా? చేయించొచ్చని జైలు డాక్టరు రాస్తే పిటిషన్ కొట్టేస్తారు. కాబట్టి లోపల దొరకనిది ఏమిటో చూపించండి. రోజూ ఫిజియోథెరపీ, మలమూత్రాలకి మనిషి సాయం, ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ రాకుండా శుభ్రమైన గది, వారానికి మూడుసార్లు డయాలసిస్, ఇలా. మీ నోటు పుస్తకంలో తప్పిపోయిన అపాయింట్‌మెంట్ల తేదీలు ఇక్కడే పనికొస్తాయి.

బీఎన్‌ఎస్‌ఎస్ 480వ సెక్షన్ రోగులకి, బలహీనులకి, మహిళలకి బెయిలు ఇవ్వడంలో వెసులుబాటు ఇస్తుంది. మనీలాండరింగ్ చట్టంలోనూ అలాంటి మినహాయింపు ఉంది. ఉపా (ఉగ్రవాద, చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) లాంటి చట్టాల్లో లేదు, అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. కవి వరవరరావు గారికి 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరు నెలల మెడికల్ బెయిలు ఇచ్చింది ఉపా కేసులోనే. ఆ వయసు మనిషికి కావలసిన వైద్యం తలోజా జైలు ఆసుపత్రిలో లేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ గడువు పరిమితి తీసేసింది.

పూర్తి బెయిలు కష్టమనిపిస్తే ఆపరేషన్ కోసం కొన్ని వారాల మధ్యంతర బెయిలు అడగండి, అది దొరికే అవకాశం ఎక్కువ. శిక్ష పడినవాళ్లయితే అప్పీలు కోర్టులో శిక్ష నిలిపివేత అడగాలి, లేదా జైలు ద్వారా పెరోల్‌కి పెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక: లేని జబ్బుకి సర్టిఫికెట్ పుట్టించకండి. కోర్టు మెడికల్ బోర్డుకి పంపితే బయటపడుతుంది. ఆ తర్వాత నిజంగా గుండెనొప్పి వచ్చినా నమ్మేవాళ్లుండరు.

మహిళలు, మానసిక రోగులు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు

గర్భిణిని జైలుకి పంపేముందు ఆ జైల్లో ప్రసవానికి తగ్గ కనీస ఏర్పాట్లు ఉన్నాయో లేదో చూడాలని, కాన్పు వీలైనంతవరకు బయటి ఆసుపత్రిలోనే జరగాలని, బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసు అది. నెలలు నిండేదాకా ఆగకుండా స్కానింగ్ తేదీలతో ముందే దరఖాస్తు ఇవ్వండి. పుట్టిన బిడ్డ టీకాల కార్డు కూడా అడిగి చూడండి.

మాట్లాడటం మానేసినా, తిండి మానేసినా, చచ్చిపోతానన్నా అదే రోజు సూపరింటెండెంటుకి రాతపూర్వకంగా తెలపండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బున్న ఖైదీని జైల్లోని మానసిక వైద్య విభాగానికి గానీ, అది లేకపోతే బయటి మానసిక ఆసుపత్రికి గానీ మార్చే వీలుంది. ఎర్రగడ్డకి గానీ, విశాఖ మానసిక ఆసుపత్రికి గానీ పంపమని పేరుపెట్టి అడగండి.

గల్ఫ్ జైళ్లలో మనవాళ్లు ఉంటే దారి వేరు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి మందుల చీటీని ఇంగ్లీషులో, వీలైతే అరబిక్‌లో పంపండి. జైల్లో ఉన్న భారతీయుణ్ణి కలవడానికి కాన్సులర్ అధికారులకి హక్కు ఉంది. కలిసొచ్చాక ఏం చెప్పారో మదద్‌లో నమోదు చేయమని అడుగుతూ ఉండండి.

విడుదలయ్యే రోజు

బెయిలు వచ్చిందన్న సంబరంలో అందరూ మర్చిపోయేది ఇది. బెయిలు ఆర్డరు చేతికి రాగానే సూపరింటెండెంటుకి ఇంకో కాగితం ఇవ్వండి: లోపల చేసిన పరీక్షల రిపోర్టులు, ఇచ్చిన మందుల వివరాలు, బయటి ఆసుపత్రి కేస్ షీట్ కాపీలు ఇమ్మని. డిస్పెన్సరీలో మీరు ఇచ్చిన మందులు మిగిలి ఉంటే తిరిగి తీసుకోండి. టీబీ మందులు వాడుతుంటే మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, హెచ్ఐవీ మందులైతే దగ్గర్లోని ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ కాగితం రాయించుకోండి. కనీసం వారానికి సరిపడా మందులు చేతిలో ఉంచుకునే గేటు దాటండి. మర్నాడే పాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి బీపీ, షుగరు, బరువు చూపించి రాయించండి. కేసు ఇంకా ముగియలేదు కాబట్టి ఆ రిపోర్టులన్నీ మళ్లీ మూడేసి సెట్లు జిరాక్స్ తీయించి పెట్టుకోండి.